చూసినట్టు సంతకం

మల్కాజ్‌గిరి,
జూలై 6.

లోవక్కకు,

కల్పలత నమస్కారాలు. మీ చెవులు ఇంకా ఫోన్‌తో రాజీపడలేదని మీ చెల్లెలు గవరమ్మ గారు చెప్పారు. వాట్సాప్‌లో రాద్దామంటే నాకొచ్చిన కోపం అందులో పట్టదు. అందుకే కాగితం తీశాను. ఓపిగ్గా చదవండి.

మన ఆడపిల్లల కాలేజీనీ, బొల్లారంలోని మగపిల్లల కాలేజీనీ కలిపేశారని మీకు తెలుసు. మీరు రిటైరై అనకాపల్లిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిన ఏడాదే మాటలు మొదలయ్యాయి, ఇప్పుడు పని పూర్తయింది. రెండూ కలిసి ఒకే యూనివర్సిటీ కాలేజీ. బన్సీలాల్‌పేటలో మన గేటుకు కొత్త బోర్డు వచ్చింది. పాతది మెట్ల కింద గోడకు ఆనించారు, దాని పక్కనుంచే రోజూ పైకి వెళ్తున్నాం. అక్కడి లెక్చరర్లు యాభై ఇద్దరు, మనం నలభై ముగ్గురం. స్టాఫ్‌రూంలో కుర్చీల కోసం జరిగిన యుద్ధం గురించి ఇంకోసారి రాస్తాను.

అసలు సంగతి వేరే ఉంది. కొత్త కాలేజీ ఎట్లా నడవాలో ఒక అయిదుగురి కమిటీ ప్రణాళిక రాసింది. ఏ డిపార్టుమెంటు ఎక్కడ, ఎవరు హెడ్, ఎన్ని గంటలకు ఏ క్లాసు, అంతా కలిపి పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యం ఉంది. దసరా సెలవుల తర్వాత ఉదయం సెక్షన్ ఉండదు, క్లాసులన్నీ పది నుంచి నాలుగు వరకే.

మీరు పెట్టిన సెక్షన్ అక్కా. ఇరవై ఇద్దరు పిల్లలతో మీరు మొదలుపెట్టారు, నా చేతికొచ్చేసరికి నూట ముప్పై ఎనిమిది మంది అయ్యారు. ఏడింటికొచ్చి పదకొండుకు వెళ్ళిపోతారు. పన్నెండుకల్లా ఒకరు బట్టల షాపులో, ఒకరు ఆస్పత్రి రిసెప్షన్లో, ఒకరు టైలర్ దగ్గర ఉండాలి. పది నుంచి నాలుగు అంటే వాళ్ళకు చదువు ఆగిపోయినట్టే. ఉద్యోగం మానమని చెప్పే ఇల్లు వాళ్ళలో ఒక్కరికీ లేదు.

మన అటెండర్ దయాకర్ మే నెలాఖరున ఈ ప్రణాళికను సర్క్యులర్ పుస్తకంలో పెట్టి అందరి దగ్గరికీ తిప్పాడు. మనవాళ్ళు నలభై ముగ్గురూ సంతకాలు పెట్టారు. బొల్లారం వాళ్ళు ముప్పై ఎనిమిది మంది పెట్టారు, మిగిలిన పద్నాలుగు మంది గైర్హాజరట. కాదన్నవాళ్ళు సున్న. ప్రణాళిక ఏకగ్రీవంగా ఆమోదం పొందిందని కమిటీ రాసుకుంది. సెప్టెంబరు ఇరవైన ఉమ్మడి స్టాఫ్ కౌన్సిల్ ఉంది. అందరూ ఒప్పుకున్నదే కాబట్టి అందులో చర్చ ఉండదట, చదివి వినిపించి ముగిస్తారట.

మొన్న మేబెల్ అనే సెకండియర్ అమ్మాయి క్లాసయ్యాక ఆగింది. బొల్లారం నుంచి మొదటి బస్సులో వచ్చే పిల్ల, మధ్యాహ్నం నుంచి బేకరీ కౌంటర్లో నిలబడుతుంది. "మేడం, సెక్షన్ తీసేస్తరంట గద. జెర మీరే ఏమన్న చేయాలె" అంది, నేలకేసి చూస్తూ. చేస్తానన్నాను. ఏం చేయాలో మీరు చెప్పండి. పద్దెనిమిదేళ్ళు స్టాఫ్ కౌన్సిల్ సెక్రటరీగా చేసింది మీరు.

మీ
కల్పలత


అనకాపల్లి,
జూలై 16.

చి. కల్పకు,

లోవక్క ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పు చదివానేమోనని రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను.

ఆ నలభై ముగ్గురూ కళ్ళెక్కడ పెట్టుకున్నారో నాకు తెలియదుగానీ, మన సంతకం అర్థం ఏమిటో ఆ కమిటీకి తెలిసినట్టు లేదు. నువ్వు చేరకముందు మన దగ్గర సర్క్యులర్ అంటే అందరికీ భయం. మొదటి సంతకం ఎవరూ పెట్టేవారు కాదు. పెడితే ఒప్పుకున్నట్టవుతుందని ఒకరు, పెట్టకపోతే ప్రిన్సిపాల్‌కి కోపమొస్తుందని ఒకరు. ఒకసారి పరీక్షల డ్యూటీ సర్క్యులర్ బాటనీ వాళ్ళ బల్ల మీద మూడు వారాలు పడుకుంది, పరీక్షలు కూడా అయిపోయాయి. అప్పుడు నేనే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అమ్మా, సంతకం అంటే చూశానని మాత్రమే. ఒప్పుకోవడం, దెబ్బలాడుకోవడం మీటింగులో చూసుకుందాం, పుస్తకం మాత్రం ఆపకండి అని. అది మొదలు నేను దిగిపోయేదాకా ఒక్క సంతకం తప్పలేదు. బడి పిల్లలు హాజరు పలికినట్టు పలికేవారు.

కాబట్టి నలభై మూడు సంతకాలంటే నలభై ముగ్గురు చూశారని అర్థం, అంతే. ఈ ముక్క రాతపూర్వకంగా మీ కొత్త ప్రిన్సిపాల్‌కి ఇయ్యి. రామభద్రరావు గారు పెద్దమనిషి, మర్యాద తెలిసినవాడు. ఆయన మీద మాత్రం నోరు చేసుకోకు.

ఇంకో మాట సూటిగా అడుగుతున్నాను. 'మనవాళ్ళు నలభై ముగ్గురూ' అని నువ్వేదో గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు రాశావు. అందులో నువ్వూ ఉన్నావు కదే. చదివి పెట్టావా, చదవకుండా పెట్టావా?

గవరమ్మ నిన్ను అడిగానని రాయమంది. పనసతొనలు ఎండబెడుతోంది.

నీ
లోవక్క


మల్కాజ్‌గిరి,
జూలై 28.

లోవక్కకు,

నమస్కారాలు. మీరు చెప్పినట్టే రాసి పట్టుకెళ్ళాను. రామభద్రరావు గారు కూర్చోమన్నారు, టీ తెప్పించారు, నా కాగితం మొత్తం చదివారు. ఆ మర్యాదకే నాకు సగం నోరు కట్టేసినట్టయింది.

తర్వాత నెమ్మదిగా ఇట్లా అన్నారు: "కల్పలత గారూ, మీ కాలేజీ పద్ధతి తెలియకుండా నేను లెక్క కట్టలేదమ్మా. మే నెలలోనే మీ దగ్గర బాగా అనుభవమున్న వారిని ఉత్తరం రాసి అడిగాను. మా కాలేజీలో సర్క్యులర్లు నూటికి నూరు సంతకాలతో తిరిగొచ్చేవి, ఒక్కరు కూడా కాదనేవారు కాదు అని వారు జవాబిచ్చారు. ఇప్పుడు మీరొచ్చి ఆ సంతకాలకు విలువ లేదంటే నేనేం చేయను?"

ఎవరు సార్ ఆ మహానుభావులు అని అడిగాను. పేరు చెప్పడం మర్యాద కాదన్నారు.

నాకు తెలుసు అక్కా. విమలమ్మ గారే. లైబ్రేరియన్‌గా రిటైరైనా గేటు ముందునుంచి కదలదు కదా, ఇల్లు కూడా మెట్లబావి పక్క వీధిలోనే. కొత్తవాళ్ళొచ్చి రెండు మంచి మాటలు చెప్తే ఉబ్బిపోయి ఏదైనా రాసిస్తుంది. నిన్న దారిలో ఎదురై "కల్పా, మంచిగున్నవా" అంది. వినపడనట్టు ఆటో ఎక్కేశాను. ఆవిడ చేతిలో కూరల సంచీ ఉంది, అట్లాగే నిలబడి చూసింది. చూడనీ.

సంతకం సంగతి అడిగారు. ఆ రోజు నాకు క్లాసుంది. దయాకర్ ఎప్పుడూ తలుపులో నిలబడి జల్ది జల్ది అంటాడు, మీకు తెలియంది కాదు. ఇప్పుడు ఆ వివరాలన్నీ ఎందుకులెండి.

పిల్లలకు నేను పోరాడుతున్నానని ఎట్లా తెలిసిందో తెలిసింది. నేను క్లాసులోకి వస్తే గబగబా లేచి నిలబడుతున్నారు. నాకేమీ బాగుండటం లేదు.

మీరైనా ఆ విమలమ్మ గారికి ఒక ఉత్తరం రాసి గడ్డి పెట్టండి.

కల్పలత


అనకాపల్లి,
ఆగస్టు 9.

చి. కల్పకు,

నాకు నాలుగు రోజులుగా జ్వరం. ఎక్కువ రాయలేను. విమలమ్మను అనవసరంగా అనుమానించకు. ఆవిడ అలాంటి మనిషి కాదు. ఎదురుపడితే పలకరించు.

మిగతా విషయాలు ఒళ్ళు కుదుటపడ్డాక రాస్తాను.

లోవక్క


మల్కాజ్‌గిరి,
ఆగస్టు 20.

లోవక్కకు,

జ్వరం తగ్గిందా? డాక్టరుకు చూపించారా? మీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ ఉండదు, దిగులేసింది.

మీతో ఒక సంగతి చెప్పుకోవాలి. ముందే చెప్పాల్సింది, సిగ్గుతో దాచాను.

మే ఇరవై ఎనిమిదిన, ఏడూ నలభైకి, నేను రెండో సంవత్సరం ఎకనామిక్స్ వాళ్ళకు బోర్డు మీద డిమాండ్ కర్వ్ గీస్తున్నాను. దయాకర్ తలుపు దగ్గరికొచ్చి, "మేడం, జెర సంతకం పెట్టుండ్రి, ఇది పట్టుకొని బొల్లారం పోవాలె" అన్నాడు. చేతికి సుద్ద ఉంది. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని కుడిచేత్తో గీకేశాను. వెనక పదకొండు పేజీలున్నాయని కూడా చూడలేదు. అక్కడితో పోతే బాగుండేది. ఆ పొద్దున దయాకర్‌కు మొదట కనిపించింది నేనే కనుక మొదటి సంతకం నాదే. నా వెనక పెట్టిన వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ప్రణాళిక చదివారట. తొమ్మిదో పేజీ చూసి ఆగి, పైన నా పేరు చూసి, సెక్షన్ ఇన్‌ఛార్జి కల్పలతే పెట్టింది కదా, ఏదో మాట్లాడుకునే ఉంటుందిలే అనుకుని పెట్టారట. నాకు ఈ మాట జూన్‌లోనే తెలుసు. రామభద్రరావు గారు కూడా నా కాగితం చదివాక ఆ సంతకాల షీటు తీసి మొదటి వరస మీద వేలు పెట్టి చూపించారు. అదీ మీకు రాయలేదు.

అంటే ఆ పిల్లల క్లాసులకు నీళ్ళొదిలింది నేనే. వాళ్ళేమో నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. దొంగతనం చేసి సన్మానం చేయించుకుంటున్నట్టుంది. రోజూ చెబుదామనుకుంటాను, హాజరు పిలవడం మొదలుపెట్టగానే నోరు రాదు.

ఇంకో సంగతి. నిన్న టైంటేబుల్ పని మీద బొల్లారం వెళ్ళాను. అక్కడ హరికిషన్ గారని కామర్స్ ఆయన, వాళ్ళ స్టాఫ్ సంఘానికి సెక్రటరీ. ఆయన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. "మీకేం సార్, ఖుషీగా సంతకాలు పెట్టిన్రు. మా ఆడపిల్లలు ఏమైపోతే మీకేంది" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. "ఏందీ మేడం, గట్లంటరు? మేం పద్నాలుగు మందిమి సంతకం పెట్టనే లేదు గద."

"కమిటీ కాగితంలో మీరు గైర్హాజరని రాసి ఉంది."

"గైర్హాజరా? నేను గీ కుర్చీల్నే ఉన్న. పుస్తకం దయాకర్‌కు నా చేతులతోటి ఇచ్చిన. మా దగ్గర పెట్టకపోతే కాదన్నట్టు. ప్రిన్సిపాల్ పిలిచి ఎందుకు పెట్టలేదని అడగాలె, అప్పుడు చెప్తం. నా తాత వయసోళ్ళ కాలం నుంచి గదే పద్ధతి. పిలుస్తరని మూడు నెలల సంది చూస్తున్నం."

ఎందుకు కాదన్నారంటే, మన నూట ముప్పై ఎనిమిది మంది కూడా పదింటికొస్తే వాళ్ళ క్లాసుల్లో బెంచీకి అయిదుగురు కూర్చోవాలట. ప్రణాళిక ఆగిపోయిందనుకుని వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. తర్వాత ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు, నాకూ నవ్వొచ్చింది. మేం పెట్టి చెడగొట్టాం, వాళ్ళు పెట్టక చెడగొట్టారు.

కానీ అక్కా, ఇది కౌన్సిల్లో చెబితే నమ్మాలి కదా. పిల్లల కోసం ఇప్పుడు కథ అల్లుతున్నారంటారు. ఆ అనుభవజ్ఞుల ఉత్తరం వాళ్ళ ఫైల్లో ఉన్నంతకాలం మన మాటకు దిక్కులేదు. రాసిందెవరో తెలిస్తే కాళ్ళు పట్టుకునైనా ఇంకోటి రాయిస్తాను.

మీ
కల్పలత


అనకాపల్లి,
ఆగస్టు 29.

కల్పా,

నా కాళ్ళు పట్టుకోనక్కర్లేదమ్మా. ఆ ఉత్తరం రాసింది నేనే.

నాకు జ్వరం రాలేదు. అది అబద్ధం. నీ రెండో ఉత్తరంలో ప్రిన్సిపాల్ గారు చెప్పిన ఆ వాక్యం చదవగానే నా అక్షరాలు నాకే గుర్తొచ్చాయి. మేలో రామభద్రరావు గారు చక్కటి లెటర్‌హెడ్ మీద రాశారు. మీ సుదీర్ఘ అనుభవం దృష్ట్యా, సర్క్యులర్లపై సిబ్బంది సంతకాల విషయంలో మీ కళాశాల సంప్రదాయం తెలుపగలరు అని. రిటైరయ్యాక నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ కాగితం గవరమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆ పూటే కూర్చుని జవాబు రాశాను. నూటికి నూరు సంతకాలు, ఒక్కరూ కాదనేవారు కాదు అని. సంతకం అంటే చూశానని మాత్రమే అన్న ముక్క రాయలేదు. అది రాస్తే నా గొప్ప కొంచెం తగ్గుతుందనిపించింది. దేనికి అడుగుతున్నారని కూడా అడగలేదు.

నువ్వు చదవకుండా సంతకం పెట్టావు. నేను మాత్రం బాగా ఆలోచించి, రెండుసార్లు చదువుకుని మరీ ఆ సగం నిజం రాశాను. అందుకని నీకంటే నా తప్పే పెద్దది. పైగా విమలమ్మ మీద నువ్వు పళ్ళు నూరుతుంటే ఊరుకున్నాను.

గవరమ్మ నన్ను వారం రోజులు చూసింది. నిన్న అన్నం దగ్గర పట్టుకుంది. "ఏటే అక్కా, అన్నం కెలికేసి లెగిసిపోతన్నావు. ఏటయినాది నీకు?" అంది. చెప్పాను. అదేమీ తిట్టలేదు. "ఆ పిల్లకి రాసేయెహె. ఎన్నాళ్ళు దాసుకుంటావు? సదువుకున్నోళ్ళకి సిగ్గు మరీ ఎక్కువైపోనాది" అని మజ్జిగ పోసింది. తిన్నాను.

దీంతోపాటు ప్రిన్సిపాల్ గారి పేర ఇంకో ఉత్తరం పెడుతున్నాను. పద్ధతి ఎలా మొదలైందో, బాటనీ వాళ్ళ బల్లతో సహా అంతా రాశాను. మేలో రాసినది అసంపూర్ణమనీ, గొప్ప కోసం అలా రాశాననీ కూడా ఉంది. కౌన్సిల్లో పూర్తిగా చదువు. నా పరువు కాపాడాలని ఆ ముక్క మింగేశావో, చూడు మరి.

విమలమ్మ ఇంటికి వెళ్ళి ఇద్దరి తరఫునా క్షమాపణ చెప్పు. నీకు నా మీద కోపం వచ్చే ఉంటుంది. అయినా రాయడం మానకు.

లోవక్క


మల్కాజ్‌గిరి,
సెప్టెంబరు 21.

లోవక్కకు,

సెక్షన్ నిలబడింది. ముందు ఈ మాట చదివి, కాసిన్ని మంచినీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదవండి.

మీ ఉత్తరం వచ్చినప్పుడు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. మూడు రోజులు దాన్ని హ్యాండ్‌బ్యాగులోంచి బయటికి తీయలేదు. నాలుగో రోజు విమలమ్మ గారింటికి వెళ్ళాను. గుమ్మంలోనే అంతా చెప్పేశాను. "గింత మాత్రానికే నెలన్నర మాట్లాడలేదా? నాకేమో నీకు షుగర్ గిట్ల వచ్చి చూపు తగ్గిందేమోనని పరేషాన్ అయింది" అంది. సర్వపిండి పెట్టింది. అక్కడ తింటుంటే మీ మీద కోపం కూడా పోయింది.

ఇక నిన్నటి సంగతి. తొంభై అయిదుగురిలో ఎనభై ఎనిమిది మంది వచ్చారు. మనవాళ్ళు కిటికీల వైపు, బొల్లారం వాళ్ళు తలుపు వైపు. రామభద్రరావు గారు ప్రణాళిక చదవడం మొదలుపెట్టబోతుంటే నేను లేచాను. పేజీల కొద్దీ రాసుకెళ్ళిన ఉపన్యాసం ఎటో పోయింది. "సార్, ఇందులో మొదటి సంతకం నాది. నేను ఒక్క పేజీ కూడా చదవలేదు" అన్నాను.

నా ఉద్యోగ జీవితమంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఫిజిక్స్ సీతారత్నం, "నేనూ చదవలే సార్. చూసినట్టు పెట్టిన" అంది. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు లేచారో లెక్క తెలియలేదు. కిటికీల వైపు దాదాపు అందరూ నిలబడి ఉన్నారు.

మీ ఉత్తరం చదివాను, మొత్తం. గొప్ప కోసం రాశానన్న ముక్క కూడా మింగలేదు. బాటనీ వాళ్ళ బల్ల దగ్గర తలుపు వైపు వాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు హరికిషన్ గారు లేచి, "సార్, మేం పద్నాలుగు మందిమి గైర్హాజరు కాదు. కాదన్నం. మీరు పిలుస్తరని ఇంకా చూస్తనే ఉన్నం" అన్నారు.

రామభద్రరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. చాలాసేపు ముఖం తుడుచుకున్నారు. "అంటే, ఒకరు పెట్టి ఒప్పుకోలేదు, ఇంకొకరు పెట్టక ఒప్పుకోలేదు. దీన్ని నేను ఏకగ్రీవమని యూనివర్సిటీకి రాశాను" అన్నారు. పాపం, ఆయన తప్పు కూడా ఏమీ లేదక్కా. వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి, రెండిళ్ళ అలవాట్లూ ఆయనకేం తెలుసు. చేతులెత్తమన్నారు. సెక్షన్ తీసేయాలన్నవాళ్ళు తొమ్మిది మంది, అందులో అయిదుగురు ప్రణాళిక రాసిన కమిటీయే. ఉండాలన్నవాళ్ళు డెబ్బై నలుగురు. అయిదుగురు ఎటూ ఎత్తలేదు. తొమ్మిదో పేజీలో ఆ వాక్యం ఆయనే స్వయంగా కొట్టేసి, పక్కన తేదీ వేశారు.

ఇకనుంచి సర్క్యులర్‌లో చూశాను అని ఒక గడి, ఒప్పుకుంటున్నాను అని ఒకటి, ఒప్పుకోను అని ఇంకోటి ఉంటాయి. అది విని దయాకర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఇంగ ఒక్కొక్కరు చదువుకుంట కూసుంటే నేను బొల్లారం ఎప్పుడు పోవాలె మేడం" అన్నాడు. హరికిషన్ గారు దసరా తర్వాత వారానికి రెండు రోజులు ఏడింటికొచ్చి మన పిల్లలకు అకౌంట్స్ చెబుతానన్నారు. బొల్లారం నుంచి ఆ వేళకు రావడం ఎంత తక్లీఫో మేబెల్‌ను అడిగి తెలుసుకోమన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను అక్కా. నాలుగు నెలల తర్వాత భుజాల మీది బరువు దిగింది. వాన పడుతున్నా లేవబుద్ధి కాలేదు.

మీ
కల్పలత


అనకాపల్లి,
సెప్టెంబరు 28.

చి. కల్పకు,

చదివి మంచినీళ్ళు తాగాను. గవరమ్మకి వినిపించాను, అది పనసతొనల డబ్బా ఒకటి నీకు పార్సెల్ కట్టింది. మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దీపాలు పెట్టేదాకా మెలకువ రాలేదు. ఎన్ని వారాలైందో అలా నిద్రపోయి. రామభద్రరావు గారు నాకు విడిగా ఉత్తరం రాశారు, ఎత్తిపొడుపు ఒక్కటీ లేదు. ఆయన పెద్దమనిషని ముందే చెప్పాను కదా, ఆ ఒక్క మాటైనా నేను సరిగ్గా రాశాను.

అందరి ముందూ ఒప్పుకున్నావు, నాకు చాలా గర్వంగా ఉంది. కానీ ఆ పిల్లలకి చెప్పావా? ఆ విషయం నీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. నీ సంగతి నాకు తెలుసు. గండం గడిచింది కదా, ఇంకెందుకులే అనుకుంటూ ఉంటావు. చెప్పేయవే తల్లీ. నేను చెప్పి చూశాను కదా, ప్రాణం హాయిగా ఉంది.

లోవక్క


మల్కాజ్‌గిరి,
అక్టోబరు 6.

లోవక్కకు,

అనుకున్నాను. మీరు రాసినట్టే అనుకున్నాను. మీ ఉత్తరం చదివి బాగా తిట్టుకున్నాను కూడా.

ఈ రోజు సెలవుల తర్వాత మొదటి క్లాసు. ఏడింటికి వెళ్ళేసరికి హాలు నిండిపోయి ఉంది. మూడు సంవత్సరాల వాళ్ళూ ఒకే చోట కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. మీరట్లా నిలబడితే నేను చెప్పలేను, కూర్చోండమ్మా అని బతిమాలాను. కూర్చున్నారు.

చెప్పాను. సెక్షన్ తీసేయాలన్న కాగితం మీద మొదటి సంతకం నాదేనని చెప్పాను. చదవలేదని చెప్పాను. మీకు చెప్పడానికి నాలుగు నెలలు భయపడ్డానని కూడా చెప్పాను. బల్ల అంచు పట్టుకునే నిలబడ్డాను.

వాళ్ళలో ఎవరూ ఆశ్చర్యపోలేదు అక్కా. ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి మేబెల్ వైపు చూశారు. మేబెల్ లేచింది.

"మాకు ఎరుకే మేడం. జూన్ల బొల్లారం కాలేజీ నోటీసు బోర్డు మీద సంతకాల కాగితం పెట్టిన్రు. బస్సు కోసం నిలబడ్డప్పుడు లోపలికి పోయి చూసిన. అందరికన్న పైన మీ పేరే ఉండె. ఫోటో తీసి అందరికీ చూపించిన."

జూన్‌లో. అంటే నేలకేసి చూస్తూ మీరే ఏమన్న చేయాలె అన్న రోజుకే ఆ పిల్లకు తెలుసు. నేను క్లాసులోకి వస్తుంటే లేచి నిలబడిన ప్రతి రోజూ అందరికీ తెలుసు.

"మరి నన్ను ఎందుకు అడగలేదమ్మా?" అన్నాను.

మేబెల్ పక్కనున్న పిల్లల వైపు చూసింది. తర్వాత చెప్పింది. "అడుగుదామనే అనుకున్నం మేడం. అడిగితే మీరు సిగ్గుపడి మా క్లాసులకు వచ్చుడు బంద్ చేస్తరేమోనని భయమైంది. మీరు సుత రాకపోతే మా దిక్కు మాట్లాడేటోళ్ళు ఎవరున్నరు? అందుకే ఎవ్వరం అడగొద్దని, మీరొస్తే అందరం లేచి నిలబడాలని అనుకున్నం."

ఏడ్చాను అక్కా, పిల్లల ముందే. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఎవరో నీళ్ళ బాటిల్ అందించారు. పదిహేను నిమిషాలు ఆలస్యంగా డిమాండ్ కర్వ్ మొదలుపెట్టాను. పదకొండు కాగానే అందరూ సంచులు భుజాన వేసుకుని బస్సులకు పరిగెత్తారు.

మీ
కల్పలత